ఇంగ్లండు పల్లెపారిష్: కుటుంబచరిత్ర, గ్రామచరిత్ర పరిశోధనము

పారిష్ అనగా ఒక చర్చికిని, ఆ చర్చి గురువునకును లోబడియుండు గ్రామసీమ. ఇంగ్లండునందు మధ్యయుగముల నుండి వచ్చిన యిట్టి సీమలు పదివేలకు పైగా గలవు. దక్షిణ, మధ్య మండలములలో పారిష్ తరచుగా ఒక్క గ్రామమునకును దాని పొలిమేరలకును సరిపోవును. ఉత్తరపు కొండసీమలలో ననేకములైన పల్లెలు ఒక్క పారిష్‌లో నిముడుట కలదు. మొదట నిది కేవలము మతసంబంధమైన విభాగమే. పదునారవ శతాబ్దము నుండి రాజ్యము బాటల మరమ్మతును, బీదల పోషణమును దీని కప్పగించుటచే, పల్లెవాని పుట్టుక, పెండ్లి, చావు, భూమి, పన్ను, తుదకు ఆకలియు ఈ చిన్న వలయమునందే లిఖితములయ్యెను. రాజవంశములకు చరిత్రకారు లెల్లెడలను గలరు; కూలివాని తాతముత్తాతల పేరులను మూడు నాలుగు వందల యేండ్ల వెనుకకు వెదకికొని పోవుటకు వీలిచ్చు దేశములు మిక్కిలి యరుదు. ఇంగ్లండు పల్లెలలో నా వీలు కలిగిన తీరును, ఆ పత్రములను చదువవలసిన విధమును ఈ వ్యాసము వివరించును.

ఈ పత్రములలో దాదాపు ఒక్కటియు చరిత్ర కొరకు వ్రాయబడినది కాదను మాట మొదటనే గ్రహింపదగినది. పన్ను వసూలు చేయువాడు పన్ను కొరకును, బీదవానిని వెడలగొట్టువాడు వెడలగొట్టుటకును, భూమికి హక్కుదారు తన హక్కును నిలుపుకొనుటకును వ్రాయించుకొనిన వ్రాతలివి. కావున ప్రతి పత్రమును చేతికి దీసికొనునపుడు, దీని నెవరు, ఎవరి సొమ్ముతో, ఏమి కోరి వ్రాయించిరని అడుగనివానికి అది సగమే పలుకును.

పరిశోధన యెప్పుడును తెలిసినదాని నుండి తెలియనిదానికి, అనగా నేటి నుండి వెనుకకు నడువవలెను. ఇంటిలోని వృద్ధుల మాటలు, కుటుంబపు బైబిలు తొలిపుటలలో వ్రాసియుంచిన జననమరణములు, పెట్టె అడుగున దాచిన ఉత్తరములు మొదటి మెట్టు. తరువాతిది 1837 జూలై 1వ తేదీన ఆరంభమైన జనన వివాహ మరణముల ప్రభుత్వపు నమోదు. దీనిని లోపరహితమని తలపరాదు. జననమును తెలుపవలసిన బాధ్యత తల్లిదండ్రులపై గట్టిగా పడినది 1874 నాటి చట్టము తరువాతనే గనుక, అంతకు ముందు లెక్కలో జేరని శిశువులు గలరు. దీనికి తోడుగా నిలుచునవి జనాభా లెక్కలు. 1801 నుండి పదేండ్ల కొకసారి యీ లెక్కలు తీసినను, దేశమంతటను ప్రతివాని పేరు నిలిచినది 1841 నుండియే. ఆ యేట పదునైదేండ్లు దాటినవారి వయస్సును ఐదేండ్ల మెట్లకు దించి వ్రాయుడని యుత్తరువిచ్చిరి గనుక, ముప్పదినాలుగేండ్లవాడు ముప్పదియేండ్లవాడై కనిపించును. ఇంటి యజమానితో గల చుట్టరికమును, పుట్టిన పారిష్ పేరును 1851 నుండి వ్రాసిరి. పల్లెచరిత్ర వెదకువాని కీ రెండు గడులే దారి చూపును. నూరేండ్లు నిండువరకు నీ పత్రములు మూతపడియుండును. 1921 నాటివి 2022 జనవరిలో వెలువడినవి. 1931 నాటివి 1942లో అగ్నికి ఆహుతి యయ్యెను; 1941లో యుద్ధము వలన లెక్కలు తీయనే లేదు. ఆ లోపమును కొంతవరకు 1939లో యుద్ధారంభమున తీసిన జాతీయ రిజిస్టరు పూరించుచున్నది.

1837కు పూర్వము ప్రధానమైన ఆధారము పారిష్ రిజిస్టరు. ఎనిమిదవ హెన్రీ రాజు మంత్రి యగు థామస్ క్రామ్‌వెల్ 1538 సెప్టెంబరులో నొక ఆజ్ఞ వెలువరించెను. ప్రతి చర్చియందును ఒక పుస్తక ముంచవలెను. ఆ వారము జరిగిన బాప్తిస్మములను, పెండ్లిండ్లను, భూస్థాపనములను పారిష్ పెద్దయగు చర్చివార్డెను ఎదుట ఆదివారమునాడు దానిలో వ్రాయవలెను. పుస్తకమును రెండు తాళముల పెట్టెలో భద్రపరచి, ఒక తాళపుచెవిని గురువును, రెండవదానిని వార్డెనులును ఉంచుకొనవలెను. వ్రాయుట మానిన ప్రతి పర్యాయమునకు మూడు షిల్లింగుల నాలుగు పెన్నీల జుల్మానా. జనులు దీనిని క్రొత్త పన్నునకు నాంది యని భయపడిరి. తొలి పుస్తకములు కాగితపువి యగుటచే శిథిలము లగుచుండగా, వానిని తోలుకాగితముపై తిరిగి వ్రాయుడని ఎలిజబెత్తు రాణి కాలమున 1598లో ఉత్తరువు వచ్చెను. మొదటి నుండి వ్రాయుడనియు, ముఖ్యముగా రాణి పాలనము మొదలైన 1558 నుండి వ్రాయుడనియు దానియందుండెను. ఆ "ముఖ్యముగా" అను మాటను పట్టుకొని పెక్కుచోట్ల మొదటి యిరువదియేండ్లను విడిచిపెట్టిరి. ఒక్క మాటను ఆసరాగా జేసికొని ఒక తరము పేరులను మాసిపోనిచ్చిరని తలచునపుడు మనస్సు నొచ్చుకొనును. ఏటేట నొక నకలును బిషప్పునకు పంపవలెనను నియమము నప్పుడే స్థిరపడినది. అసలు పుస్తకము తడిసియో, ఎలుకలు కొరికియో పోయినచోట నీ నకళ్లే దిక్కు.

ఈ పుస్తకమును తెరచినవానికి మొదట నెదురగునది లిపి. పదునారు, పదునేడవ శతాబ్దముల చేవ్రాతలో అక్షరముల పోలికలే వేరు. పెద్ద ఎఫ్‌ను రెండు చిన్న ఎఫ్‌లుగా వ్రాయుదురు, హెచ్ పంక్తి క్రిందికి తోకవలె జారును. పెక్కుచోట్ల భాష లాటిను. జేమ్సు అనువాడు యాకోబస్ అనియు, విలియమ్ గులియెల్మస్ అనియు కనిపించును. తెలుగు బైబిలులోని యాకోబు పత్రికయే ఇంగ్లీషున జేమ్సు పత్రిక యని యెరిగినవారి కీ రూపాంతరము వింత కాదు. లిపికన్నను ఎక్కువగా మోసపుచ్చునది సంవత్సరము. 1752కు పూర్వము ఇంగ్లండున సంవత్సరాది మార్చి 25వ తేదీ. 1640 మే నెలలో బాప్తిస్మము పొందిన శిశువు 1640 ఫిబ్రవరిలో భూస్థాపితమైనట్లు రిజిస్టరులో నుండును. క్రొత్తవాడు వీరిద్దరు వేరువేరు శిశువులని తీర్మానించి, లేని బిడ్డ నొకనిని వంశవృక్షమున కెక్కించును. ఆ ఫిబ్రవరి మన గణనమున 1641కి చెందినది. మే నెలలో నీళ్లు చల్లించుకొనిన పసివాడే తొమ్మిది నెలలకు మట్టిలో కలిసెను. ఇది చిన్న సవరణగా తోచవచ్చును గాని, దాని వెనుక నొక తల్లి దుఃఖము గలదు.

రాజునకును పార్లమెంటునకును జరిగిన అంతర్యుద్ధమునందును, తరువాతి రాజులేని కాలమునందును, అనగా 1642 మొదలుకొని 1660 వరకు, గురువులు పదవీచ్యుతు లగుటచేతను, పుస్తకములు దాచబడుటచేతను అనేక రిజిస్టరులలో ఖాళీపుటలు మిగిలినవి. తరువాతి కాలపు చట్టములు ఒక్కొక్కటియు పుటలపై తన గుర్తును వదలినది. ఉన్ని వర్తకమును పోషించుటకై శవములను ఉన్నిబట్టలోనే చుట్టి పాతిపెట్టవలెనని 1666, 1678లలో శాసించిరి. తప్పినవారికి ఐదు పౌనుల జుల్మానా. సన్నని నారబట్టయే కావలెనను ధనికులు ఆ ఐదు పౌనులను చెల్లించి కోరిక తీర్చుకొనిరి. కాబట్టి భూస్థాపనపు పంక్తి ప్రక్కనున్న చిన్న సూచన నుండి ఆ యింటి కలిమి తెలియును. 1783లో రిజిస్టరులోని ప్రతి పంక్తికి మూడు పెన్నీల పన్ను విధించి, బీదలకు మినహాయింపు నిచ్చిరి. పన్ను అమలులోనికి రాకముందు బాప్తిస్మములు హఠాత్తుగా పెరుగుటయు, పిమ్మట బీదవాడను గుర్తు విరివిగా కనబడుటయు ఇందులకే. 1754 నుండి పెండ్లిండ్లకు ప్రత్యేకమైన పుస్తకము, వధూవరుల సంతకములు వచ్చినవి. వ్రాయనేరనివారు ఇంటూగుర్తు పెట్టుదురు. కలము పట్టి యెరుగని చేయి కాగితముపై వణకుచు గీసిన ఆ రెండు గీతలే, ఎందరో పల్లెవారి విషయమున, వారి చేతిమీదుగా వచ్చి మిగిలిన ఒకే వస్తువు. 1813 నుండి అచ్చు గడులు ప్రవేశించి, తండ్రి వృత్తియు, ఊరును తప్పక చేరినవి. యార్కు ప్రాంతమున విలియమ్ డేడ్ అను గురువు పదునెనిమిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున శిశువు తాత అవ్వల పేరులతో సహా వ్రాయు పద్ధతి నేర్పరచెను. అట్టి పారిష్ దొరికినవాడు ధన్యుడు.

రిజిస్టరు జననమరణములను చెప్పును, బ్రదుకు చెప్పదు. బ్రదుకును చెప్పునవి బీదల చట్టపు కాగితములు. 1601 నాటి చట్టముచే ప్రతి పారిష్ తన బీదలను తానే పోషింపవలెను. ఇందులకై ఇంటింట పన్ను వసూలు చేయు పర్యవేక్షకులు ఏటేట నియమింపబడుదురు. ఎవరు తన బీదలో, ఎవరు పరాయివారో తేల్చుకొనుటకు 1662 నాటి స్థిరనివాసపు చట్టము వచ్చెను. ఏటికి పది పౌనులకు తక్కువ అద్దె యింటిలో దిగిన క్రొత్తవానిని, పారిష్‌నకు భారము కాగలడని తోచినచో, నలువది దినములలోపల ఇద్దరు న్యాయాధికారుల ఉత్తరువుతో వెనుకకు పంపవచ్చును. ఇట్లు పట్టుబడిన కూలివానిని న్యాయాధికారులు ప్రమాణము చేయించి ప్రశ్నింతురు: నీవెక్కడ పుట్టితివి? నీ తండ్రి నివాసమెక్కడ? ఏ రైతునొద్ద ఎంతకాలము, ఏ జీతమునకు కుదిరితివి? సంవత్సరము నిండినదా? పెండ్లి యెప్పుడైనది? బిడ్డలెందరు? వాడు చెప్పినదంతయు గుమాస్తా వ్రాసికొనగా, క్రింద వాడు తన ఇంటూగుర్తు పెట్టును. పెండ్లికానివాడు ఒక సంవత్సరము పూర్తిగా ఒకచోట జీతము చేసిన నక్కడ నివాసహక్కు లభించును గనుక, ఏబదియొక్క వారములకే కుదుర్చుకొని వదలివేయు రైతులుండిరి. ఆ కపటము ఈ వాఙ్మూలములలోనే బయటపడును. విధవలును, గర్భిణులును బండ్లపై కెక్కింపబడి ఊరు నుండి ఊరికి తరలింపబడుటయు, పెండ్లికాని తల్లిని బిడ్డ తండ్రి పేరు చెప్పుమని నిర్బంధించుటయు ఇందున్నవి. చదువుటకు దుస్సహములైన పత్రములివి. కాని వ్రాతయే రాని ఇంగ్లీషు శ్రామికుని స్వీయచరిత్ర యేదైన గలదన్నచో ఇవియే. నా యభిప్రాయమున పారిష్ పెట్టెలోని పత్రములలో వీనికి మించిన నిధి లేదు.

భూమి విషయమై వెదకువాడు మేనరు కోర్టు చుట్టలను చూడవలెను. మేనరు అనగా ఒక భూస్వామి అధికారసీమ. అది పారిష్‌తో సరిపోవచ్చును, సరిపోకపోవచ్చును. రైతు చనిపోయినపుడు ఆ కోర్టులో కుమారుడు వారసుడుగా చేరి, ఆ తీర్మానపు నకలునే తన హక్కుపత్రముగా నుంచుకొనును. ఇట్టి భూమిహక్కు 1926 జనవరి 1వ తేదీతో అంతరించెను. 1733 వరకు నివి చాలవరకు లాటినులో నుండుటచే ఆరంభకులు భయపడుదురు గాని, మాటలు పదేపదే వచ్చునవే. పది చుట్టలు చదివినవానికి పదునొకండవది లొంగును. 1662 నుండి 1689 వరకు వసూలైన పొయ్యిపన్ను జాబితాలు ఏ యింట నెన్ని పొయ్యిలు గలవో చెప్పి, ఊరి కలిమిలేముల మెట్లను చూపును. చర్చికి పంటలో చెల్లించు దశమభాగమును గూర్చిన 1836 నాటి చట్టము వలన తయారైన పటములు ఇంగ్లండు, వేల్సులలో దాదాపు నాల్గింట మూడు వంతుల నేలను ఆక్రమించినవి; ప్రతి చెక్కకును సంఖ్య, పేరు, యజమాని, సాగుదారు, పంట, విస్తీర్ణము ఇందు గలవు. చెక్కల పేరులలో ఎన్నడో పోయిన కొలిమి, ఎండిన చెరువు, పడిపోయిన మర నిలిచియుండును. మధ్యయుగపు ఉమ్మడిపొలములు చాలవరకు పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దముల చట్టములచే కంచెలు పడి ముక్కలయ్యెను. నాటింగ్‌హామ్ మండలమున లాక్స్‌టన్ గ్రామమందు మాత్రము మూడు ఉమ్మడిపొలములు నేటికిని పాత కట్టుబాటు చొప్పున సాగగుచున్నవి. ఆ యూరికి 1635లో చేసిన పటమును చూచి పొలములోనికి నడచువాడు, తక్కినయెడల చాలవరకు పుస్తకములలోనే మిగిలిన చాళ్లను తన పాదముల క్రింద చూడగలడు.

వీలునామాలు 1858 జనవరి వరకు చర్చి న్యాయస్థానములలో దాఖలయ్యెడివి. వీలునామాకన్నను సొగసైనది దానితో జతపడిన ఆస్తిపట్టిక. చనిపోయినవాని యింటికి ఇరుగుపొరుగువారు వచ్చి, గదివెంట గది నడచుచు, మంచము, పరుపు, ఇత్తడికుండలు, జున్ను అరలు, కొట్టములోని ఆవులు, పెరటిలోని పెంటకుప్ప వరకు వెలకట్టి వ్రాయుదురు. చివర మరచిన వస్తువులకని కొన్ని పెన్నీలు కలుపుదురు. అది చదువుచున్నంతసేపు మనమును వారి వెంట గుమ్మములు దాటుచున్నట్లే యుండును.

ఇట్టి వెదకులాటలో సామాన్యముగా జరుగు తప్పు, ఒకే పేరుగల ఇద్దరిని ఒకనిగా జేయుట. పల్లెలో నాలుగైదు పేరులే తిరుగుచుండును. తాతపేరు మనుమనికి, అన్నదమ్ముల బిడ్డలకు పెట్టుట అచ్చటను మనవలెనే యాచారము. బాప్తిస్మము దొరికినంతనే సంతోషింపక, ఆ శిశువు బాల్యమున చనిపోలేదని భూస్థాపనములలో చూచి, వీలునామాతోను భూమిపత్రములతోను సరిపోల్చినగాని నిర్ణయింపరాదు. ధనవంతులైన పూర్వికులపై గల ఆశ యీ విషయమున మిక్కిలి హాని చేయును. రెండవ తప్పు, పల్లెవారు తరతరములుగా కదలక యుండిరను భ్రమ. నాటింగ్‌హామ్ మండలమునందలి క్లేవర్త్ గురువు 1676లోను, 1688లోను తన పారిష్ జనులందరి పట్టికలు వ్రాసెను. పండ్రెండేండ్ల యెడములో మొదటి పట్టికలోని వారిలో నూటికి అరువదిమంది రెండవదానిలో లేరు. కొందరు చనిపోయిరి, ఎక్కువమంది వెడలిపోయిరి. కనుక పేరు మాయమైన చోట పరిశోధన ముగియలేదు; పొరుగు పారిష్‌లలో, సమీపపు పట్టణములలో, ఒక్కొక్కప్పుడు సముద్రముల కావల వెదకవలెను. ఈస్టిండియా కంపెనీ కొలువున చేరి చెన్నపట్టణమునకు వచ్చినవారి బాప్తిస్మ వివాహ భూస్థాపనముల నకళ్లు 1698 మొదలు లండనునకు పంపబడెను. బ్రిటిషు లైబ్రరీయందున్న ఆ సంపుటములలో మచిలీపట్నము, విశాఖపట్నముల పేరులును గలవు. తెలుగుతీరమున మట్టిలో కలిసినవారి తొలి పంక్తులు ఇట్లు ఇంగ్లండు పల్లెల పుస్తకములలో నున్నవి.

పారిష్ పత్రములు ఒకప్పుడు చర్చిపెట్టెలలోనే చెమ్మకు చివుకుచుండెడివి. తొలి మండల పత్రాలయము 1913లో బెడ్‌ఫర్డున ఏర్పడెను. నూరేండ్లు దాటిన రిజిస్టరులను మేత్రాసన పత్రాలయములలో నుంచవలెనని 1978లో చర్చిశాసనము వచ్చెను. గ్రామచరిత్రను పండితగౌరవమునకు తెచ్చినవారిలో డబ్ల్యు. జి. హాస్కిన్సు ముఖ్యుడు, లెస్టరు విశ్వవిద్యాలయ కళాశాలయందు 1948లో వెలసిన గ్రామచరిత్రశాఖకు ఆయనయే మొదటి యధిపతి. పత్రములతో పాటు నేలను, కంచెను, బాటమలుపును చదువవలెనని బోధించెను. కేంబ్రిడ్జి పండితులు 404 పారిష్‌ల రిజిస్టరులను లెక్కించి 1981లో ఇంగ్లండు జనసంఖ్యాచరిత్రను ప్రకటించిరి. ఆ పుటలను వరుసగా లెక్కపెట్టి యిచ్చినవారిలో అత్యధికులు ఆయా ఊళ్లలోని ఔత్సాహికులే. వారి ఓర్పు లేనిదే ఆ గ్రంథము లేదు.

కుటుంబచరిత్రయు గ్రామచరిత్రయు ఒక్కటే యని ఋజువు చేసినది మాత్రము విశ్వవిద్యాలయము కాదు, ఒక పల్లెటూరి ముసలి రైతు. ష్రాప్‌షైర్ మండలమున ష్రూస్‌బరీకి ఉత్తరమున మిడిల్ అను పారిష్ గలదు. అచ్చటి రిచర్డు గఫ్ 1635లో పుట్టి, కొంత న్యాయశాస్త్రజ్ఞానము సంపాదించి, అరువది యైదేండ్లు దాటిన పిమ్మట 1700 ప్రాంతమున తన పారిష్ పురావృత్తమును వ్రాయ బూనెను. మొదటి భాగము నాటి పండితులు వ్రాయుచుండినట్టిదే: సరిహద్దులు, కోట, గురువుల వరుస. అది ముగించి, చర్చిలోని కూర్చుండు బల్లలపై రెండవ భాగము ప్రారంభించెను. బల్ల హక్కు మనిషిది కాదు, అతడు కాపురమున్న ఇంటిది. కావున చర్చిలో ఎవరెక్కడ కూర్చుందురన్నది ఊరి భూమిపటమే. గఫ్ ఆ బల్లల పటమును గీసి, ఒక్కొక్క బల్ల కడ నిలిచి, దానికి హక్కుగల ఇల్లేదో, ఆ యింట నుండిన కుటుంబమేదో, వారి తాత యెక్కడి నుండి వచ్చెనో, ఎవని నెవరు పెండ్లాడిరో, ఎవరు సారాయికి ఆస్తి నర్పించిరో, ఎవరు కష్టపడి తిరిగి సంపాదించిరో చెప్పుకొనిపోయెను. ముందుబల్లలలోని కలవారిని వర్ణించిన శ్రద్ధతోనే వెనుకబల్లలలోని గుడిసెవారిని వర్ణించెను. బీదల నివాసము విషయమై ఇతర పారిష్‌లతో తన పారిష్ నడపిన వ్యాజ్యములను గూడ విడువలేదు. పూర్తి యైన పిమ్మట వంద యేండ్లకు పైగా గడచిన తరువాత గాని ఈ గ్రంథము అచ్చునకు రాలేదు. 1974లో డేవిడ్ హే అను చరిత్రకారుడు గఫ్ మాటలను రిజిస్టరులతోను, భూమిపత్రములతోను, వీలునామాలతోను పోల్చి చూచి, ఆ వృద్ధుని జ్ఞాపకము ఎంత నమ్మదగినదో నిరూపించెను.

ఆ గ్రంథమున అంతర్యుద్ధమును గూర్చిన భాగమొకటి గలదు. తాను బాలుడై యుండగా మిడిల్, మార్టన్, న్యూటన్ అను మూడు పల్లెల నుండి ఇరువదిమంది రాజు పక్షమున సైనికులుగా వెళ్లిరనియు, వారిలో పదుమువ్వురు హతులైరనియు గఫ్ వ్రాసెను. వారి పేరులు వరుసగా నిచ్చెను; ఫలానావాని కుమారుడు, ఫలానా యింటివాడు అని గుర్తులు చెప్పెను. ఆ వరుసలో నొక దర్జీ యున్నాడు. పారిష్‌లో ఇల్లిల్లు తిరుగుచు కుట్టుపని చేయుచుండెనట, సోమరియట, సొంత నివాసము లేదట. ఇల్లు లేనివానికి చర్చిలో బల్ల లేదు. గఫ్ వాని పేరు చెప్పలేదు. అయినను ఆ లెక్కలో నుండి వానిని తీసివేయలేదు.